కాలువ కొస దాకా

మొన్న మాఘ బహుళంలో, శివరాత్రి ఇంకా వారం రోజులున్నదనగా, ఒక ఉదయం మా ఊరి పిల్లకాలువ గట్టు పట్టుకొని దాని కొస దాకా నడిచి వచ్చాను. పోనూ రానూ కలిపి ఆరు కిలోమీటర్లకు మించదు. మధుమేహం పలకరించిన నాటి నుండి వైద్యుని ఆజ్ఞ ప్రకారం రోజూ నడుస్తూనే ఉన్నాను కాని, అది తారురోడ్డు మీద గడియారం చూచుకుంటూ నడిచే నడక. ఇది అట్టిది కాదు. వెళ్ళి రావడానికి నాకు పూర్తిగా ఒక పూట పట్టింది. దారిలో ఎన్నిమార్లు కూర్చున్నానో లెక్కలేదు.

ఈ నడకకు ఒక కారణం ఉన్నది. ముందు అది చెబుతాను.

అంతకు రెండు రోజుల క్రితం నా పూర్వవిద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. పేరు వ్రాయను. పదవ తరగతిలో నా దగ్గర గణవిభజన నేర్చినవాడు, ఇప్పుడు స్థలాల వ్యాపారంలో ఉన్నాడు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణం అయిన నాటి నుండి మా వైపు పొలాలను గురించి ఎకరాలలో మాట్లాడేవారు తగ్గి సెంట్లలో మాట్లాడేవారు ఎక్కువైనారు. మా ఊరు కోటప్పకొండకు చుట్టుపట్ల ఊళ్ళలో ఒకటి. నరసరావుపేటకు పన్నెండు, పదమూడు కిలోమీటర్ల దూరమే కనుక ఆ గాలి మాకూ తగిలింది.

కాళ్ళకు నమస్కరించి, కూర్చుని, కాఫీ త్రాగి అసలు సంగతి చెప్పాడు. "కాలవ చివర కిలోమీటరున్నర మేర పూడిపోయింది గదా మాస్టారూ. నీళ్ళు పారి ఎన్నేళ్ళయిందో! దాన్ని పూడ్చి దారి చెయ్యమని రైతులందరం అర్జీ పెట్టుకుందామనుకుంటున్నాం. మీరు రాసిపెడితే తప్పుల్లేకుండా ఉంటది. మీ ముప్పావెకరం గూడా రోడ్డు మీదకొస్తది."

అర్జీలోని ముఖ్యవాక్యాన్ని కూడా అతడే సమకూర్చుకొని వచ్చాడు. "సదరు కాలువ చిరకాలంగా నిరుపయోగంగా ఉన్నది." వాక్యంలో దోషం ఏమీ లేదు. ముప్పై ఏళ్ళ నాటి శిష్యుని నోట అంత శుద్ధమైన మాట విని నేను సంతోషించాను కూడా. రెండు రోజులలో వచ్చి తీసుకుంటానని సెలవు తీసుకున్నాడు. అతడు చెప్పిన లాభం నాకు తెలియనిది కాదు. మా అబ్బాయి హైదరాబాదులో ఇల్లు కొనే ప్రయత్నంలో ఉన్నాడు. ఆ ముప్పావెకరానికి దారి పడితే ధర మూడింతలవుతుందని అతనికి ఎవరో అప్పుడే చెప్పారు.

ఆ రాత్రి కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాను. "సదరు" వ్రాశాను, "కాలువ" వ్రాశాను, "నిరుపయోగం" దగ్గర కలం ఆగింది. అదేదో గొప్ప ధర్మసంకటమని పొరబడకండి. పంతులు చాదస్తం, అంతే. చూడని దానిని చూచినట్లు ఎట్లా వ్రాయడం? కాలువ చివరి భాగం నేను తొక్కి పదేళ్ళు దాటింది.

నడక తూము దగ్గర మొదలుపెట్టాను. ఆ తూము నుండి మా ఊరి మంచినీటి చెరువుకు నీరు పోతుంది. కనుక అక్కడి దాకా కాలువ బాగానే ఉంటుంది, ఏటేటా ఎవరో ఒకరు పూడిక తీయిస్తారు. మా సీమలో బోరునీటిలో చాలచోట్ల ఫ్లోరైడు ఉన్నది. సాగర్ నీరు చెరువుకు చేరినదా లేదా అన్నది మాకు పంట కంటె ముందు ప్రశ్న. తూము దాటితే కాలువకు దిక్కులేదు.

తూము అన్న మాట తలచుకున్నప్పుడల్లా నాకు చిన్న సరదా. నీరు పోయే మార్గమూ తూమే, ధాన్యం కొలిచే మానమూ తూమే. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఈ తూములో నీళ్ళు పోతే ఆ తూముకు గింజలు వస్తాయని తరగతిలో చెప్పేవాడిని. కాలువ అన్న మాట కూడా అచ్చమైన మన మాట. సంస్కృతంలో కుల్య అంటారు. మన కాలువకు కన్నడంలో కాలువె, తమిళంలో కాల్వాయ్ తోబుట్టువులు. కాల్ అంటే పారే పాయ, వాయ్ అంటే నోరు. పిల్లలు మాత్రం ఒక్క దీర్ఘంతో కాలువను కలువను కలిపేసేవారు. "కాలువ కన్నుల కోమలి" అని వ్రాసినవాడికి నేను మార్కులు తగ్గించలేదు. నీళ్ళు చూడని ఊరిలో పుట్టినవాడికి కాలువే కలువ అనిపించి ఉంటుంది.

నీళ్ళు చూడని ఊరు అన్నది అతిశయోక్తి కాదు. పలనాటి నీటికరవును, జొన్నకూటిని ఎత్తిపొడిచే చాటుపద్యాలు శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్నాయి. వాటిని మా పిల్లలకే పాఠం చెప్పవలసి వచ్చేది. తక్కిన ఊళ్ళలో నవ్వుతారేమో, మా తరగతిలో నవ్వేవారు కాదు. ఒక పిల్లవాడు మాత్రం లేచి, "ఆయన సాగర్ రాకముందు వచ్చాడా సార్, వచ్చిన తరవాతా?" అని అడిగాడు. అంతకు మించిన సాహిత్యవిమర్శ నేను వినలేదు.

గట్టు మీద నుండి కొండ కుడిచేతి వైపు కనిపిస్తూ ఉంటుంది. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలని మూడు. త్రికూటాచలం అన్న పేరు అందువల్లనే వచ్చింది. కొండ మీద కాకి వాలదని మా వారి నమ్మకం. ఆనందవల్లి అనే గొల్లభామ స్వామి అభిషేకానికి నీటికుండ మోసుకుపోతుంటే ఒక కాకి వచ్చి వాలి, నీళ్ళు ఒలకబోసిందట. ఆమె శపించిందట. చిన్ననాటి నుండి ఈ కథ వింటున్నాను కాని, గట్టు మీద నడుస్తుండగా కొత్తగా ఒకటి తోచింది. ఆ కాకి చేసిన నేరమేమి? కుండెడు నీళ్ళు ఒలకబోయడం. గోదావరి ఒడ్డున పుట్టిన కథలో కాకికి ఇంత శిక్ష పడేదా? కుండెడు నీటి కోసం దిగి ఎక్కవలసిన మెట్టసీమలో పుట్టిన శాపమిది. కాలువలో ఒక మడుగు దగ్గర నాలుగు కాకులు దర్జాగా నీళ్ళు త్రాగుతున్నాయి. కొండకు ఇంత దూరంలో శాపం పని చేయదు కాబోలు.

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. దిగువ సీమ మాగాణి అయింది. కాలువలలో పడవలు నడిచినవి. ఎగువన నందికొండ వద్ద నాగార్జునసాగరానికి నెహ్రూ శంకుస్థాపన చేసినది 1955 డిసెంబరు 10న. సరిగా నూరేళ్ళు! ఒకే నది, ఒకే జిల్లా, నడుమ నూరేళ్ళు. ఈ నూరేళ్ళలో డెల్టా వారు మాకు పిల్లనిచ్చేవారు కాదు. జొన్నకూడు తినలేదని, బిందె మోయలేదని. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీరు వదిలినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. రెండు వందల కిలోమీటర్ల పొడవైన కుడికాలువ, దాని నుండి మేజర్లు, మేజర్ల నుండి మైనర్లు, వాటి నుండి పంటబోదెలు. మా పిల్లకాలువ దాకా నీరు రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. వచ్చిన తరువాతనే కొమ్మమూరు కాలువ ఒడ్డున ఉన్న ఊరి నుండి నాకు సంబంధం కుదిరింది. మామగారు పెళ్ళిచూపులకు ముందు కాలువ చూపించమన్నారు. అదృష్టవశాత్తు ఆ రోజు నిండుగా పారుతున్నది. "మీరు నన్ను కాదు, మా నాన్నకు కాలువను చూపించి పెళ్ళి చేసుకున్నారు" అని మా ఇంటావిడ నలభై ఏళ్ళుగా దెప్పుతూనే ఉన్నది.

నీరు కొసకు ఎందుకు రాదో ఇక్కడి పసిపిల్లవాడికి కూడా తెలుసు. కాలువలు త్రవ్వినప్పుడు ఏ భూమికి మాగాణి, ఏ భూమికి ఆరుతడి అని ముందే నిర్ణయించారు. నీరు కంటిముందు పారుతుంటే ఆరుతడి ఎవరు వేస్తారు? ఎగువవారు అంతటా వరి వేశారు. కొసకు కంది మిగిలింది. మా నాయన ఏటా వేసవిలో పార, తట్ట తీసుకొని, తన పొలం పొడుగునా తానే పూడిక తీసేవాడు. వంతు వచ్చిన రాత్రులు లాంతరు పట్టుకొని కాలువ కాపలాకు పోయేవాడు. తెల్లవారి ఒట్టికాళ్ళతో తిరిగి వచ్చి, "పైవాళ్ళవి తడిసినాక మన దాకా వస్తయిలే" అనేవాడు. అప్పట్లో లస్కరు అంటే మాకు తాసీల్దారు కంటె గొప్ప. ఖాకీ చొక్కా, భుజాన పార. ఆయన వంగి తూము తలుపు ఒక బెత్తెడు ఎత్తితే ఊరికి పండుగ. ఇప్పుడు ఆ ఉద్యోగి ఎప్పుడు వస్తాడో, అసలు ఉన్నాడో లేడో!

మొదటి కిలోమీటరు ఎడమవైపు అంతా మిరప. కల్లాలలో కాయలు ఎర్రటి దుప్పట్లు పరచినట్లు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు ముక్కుకు గుడ్డలు కట్టుకొని తాలుకాయలు ఏరుతున్నారు. ఆ ఘాటుకు నేను వరుసగా తుమ్ముతుంటే ఒక రైతు నవ్వుతూ ఎదురు వచ్చాడు.

"ఏంది మాస్టారూ, ఇట్టా బయల్దేరారు?"

"కాలువ కొస దాకా పోదామని."

"కొసలో ఏముంది, కంపలు తప్ప!"

అతనికి కాలువ నీళ్ళు అక్కరలేదు, బోరు ఉన్నది. ఆ మాటే అన్నాను. అతడు తల అడ్డంగా ఊపాడు. "కాలవ పారినన్నాళ్ళు బోరు నిండుగా పోస్తది. కాలవ కట్టేశారా, పదిహేను రోజుల్లో ధార సన్నబడతది. మేం గట్టు మీద నీళ్ళు తోడుకోకపోయినా, తాగేది దాని నీళ్ళే మాస్టారూ." నేను జేబులోని చిన్న పుస్తకంలో ఈ మాట వ్రాసుకున్నాను. అర్జీకి పనికి వచ్చే మాట కాదు.

తరువాత కల్వర్టు. ప్రభ దాటే చోటు ఇదే. ఎరుగని మిత్రుల కోసం చెబుతున్నాను. శివరాత్రికి చుట్టుపట్ల ఊళ్ళవారు ఆకాశమంత ఎత్తు వెదురు ప్రభలు కట్టి, కోటప్ప తిరునాళ్ళకు తరలిస్తారు. ఇప్పుడు విద్యుద్దీపాలు, జనరేటరు, ట్రాక్టరు. నా చిన్ననాడు ఎడ్లు, మోకులు, మనుషులు. నాకు పన్నెండో ఏట ఈ కల్వర్టు మీద మా ఊరి ప్రభ ఒక పక్కకు ఒరిగింది. జనం కేకలు పెట్టారు. మోకులు పట్టినవారు గట్టు చాలక కాలువలోకి దిగారు. వారిలో మా నాయన కూడా ఉన్నాడు. మొలలోతు నీటిలో నిలబడి, మోకును నడుముకు చుట్టుకొని వెనక్కు వాలిన ఆయన రూపం నాకిప్పటికీ కనిపిస్తుంది. ప్రభ నిలిచింది. ఒడ్డుకు వచ్చి తడిపంచె పిండుకుంటూ, "చూశావురా, ఈసారి మన కాలవలో మొలలోతు నీళ్ళు!" అన్నాడు. ఆయనకు ప్రభ నిలిచినందుకు కలిగిన ఆనందం కంటె అదే ఎక్కువగా తోచింది నాకు.

కల్వర్టు దాటాక గట్టు లేదు, కాలిబాట ఉన్నది. రెండు వైపుల సర్కారు తుమ్మ కమ్ముకున్నది. కాలువ అడుగున జమ్ము, తూటికాడ. అక్కడక్కడ మడుగులు. ఒక లకుముకి పిట్ట నాకంటె ముందు ముందు ఎగురుతూ, నేను దగ్గరకు రాగానే మరొక కొమ్మ మీదికి పోతూ దారి చూపింది. ఒక మడుగులో బడి ఎగ్గొట్టిన పిల్లలిద్దరు చొక్కా పరచి చేపలు పడుతున్నారు. నన్ను చూచి పారిపోబోయి, పదవీ విరమణ చేసిన పంతులేనని గుర్తించి నిలబడిపోయారు. ఇద్దరు స్త్రీలు ఒడిలో పొన్నగంటి కూర కోసుకుంటున్నారు. మేకలవాడొకడు తుమ్మ కాయలు రాలుస్తున్నాడు. పిలిస్తే పలికేంత నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ఇంతమంది. అంతదాకా నేను ఒంటరిగా నడుస్తున్నాననే అనుకున్నాను.

మా పొలం వచ్చింది. కౌలుకు ఇచ్చాము, కంది కోశారు, మోళ్ళు నిలిచి ఉన్నాయి. ఇది మొదట ఎకరం ఐదు సెంట్లు. కాలువ కింద ముప్పై సెంట్లు పోయి ముప్పావెకరం మిగిలింది. అప్పట్లో పరిహారం ఎంత వచ్చిందో మా నాయన ఎన్నడూ చెప్పలేదు. భూమి పోయిందని ఆయన బాధపడగా నేను చూడలేదు. ఆ ముప్పై సెంట్ల మేర కాలువ అడుగున దిగి నడిచాను. రెండు వందల అడుగులు పట్టింది. కంపలు గీరుకొని పంచె చిరిగింది.

ఇక కొస. కాలువ అక్కడ ఒక రాతి కట్టడం మీదుగా వాగులోకి దిగుతుంది. ఆ పక్కన పల్లంలో పది ఇళ్ళు ఉన్నాయి. పట్టాలు లేని ఇళ్ళు. ఒక ముసలామె వాకిట్లో కూర్చుని చేటలో కందులు చెరుగుతున్నది. కళ్ళు చికిలించి చూచి, "ఎవురూ, పంతులుగారా? ఇట్టా వచ్చారేందయ్యా?" అన్నది. ఆమె మనవడు నా దగ్గర చదివినవాడే.

మంచినీళ్ళు ఇచ్చింది. త్రాగి, "ఏమమ్మా, ఈ కాలువ వల్ల మీకేమన్నా ఉపయోగం ఉన్నదా?" అని అడిగాను. తనిఖీకి వచ్చిన అధికారి అడిగినట్లు అడిగానని తరువాత సిగ్గు వేసింది.

"నీళ్ళా? నీళ్ళెక్కడియి నాయనా! నే కాపరానికొచ్చినాక రెండుసార్లో మూడుసార్లో చూశా" అన్నది. నాకు ఒక విధంగా తేలికయింది. అంతలో ఆమె కొనసాగించింది. "ఆ తుపాన్లో మాత్రం ఇది లేకపోతే మేం లేమయ్యా. పైన పొలాల నీళ్ళన్నీ దీంట్లో పడి వాగులోకి పోయినయ్యి. కంపలు అడ్డం పడితే మా మనవడూ వాళ్ళూ రాత్రంతా మోకాటి లోతులో నిలబడి లాగారు. మా గడపల దాకా వచ్చి ఆగినయ్యి."

ఆమె చెప్పినది 2023 డిసెంబరు తుపాను. మిగ్‌జాం అని పేరు పెట్టారు, 5వ తేదీన బాపట్ల వద్ద తీరం దాటింది. ఆ ఏడు వానలు లేక సాగర్ ఎండి, మాకు కాలువ నీరే లేదు. సరిగా ఆ వారం ముందే, నవంబరు చివర, కుడికాలువ నీటి కోసం రెండు రాష్ట్రాల పోలీసులు డ్యాము మీద ఎదురెదురుగా నిలబడ్డారు. పైనుండి చుక్క రాని ఏట, పైనుండి కురిసిన నీటిని ఈ కాలువ మోసుకుపోయింది. నీరు తేవడానికి త్రవ్విన కాలువ నీరు తీసుకుపోవడానికి పనికివచ్చింది. ఈ సంగతి ఏ ప్రణాళికలోనూ వ్రాసి ఉండదు. కాలువ పొడుగునా రైతులందరితో సంతకాలు పెట్టిస్తానన్నాడు నా శిష్యుడు. ఈ పది ఇళ్ళవారు రైతులు కారు.

ఆమెకు అర్జీ సంగతి చెప్పలేదు. నోరు రాలేదు. "ఎందుకొచ్చారు?" అని రెండోసారి అడిగితే, "ఊరికే, నడకకు" అన్నాను. జేబులో రెండు మాటలు వ్రాసిన కాగితం ఉన్నది.

ఇల్లు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. చిరిగిన పంచె చూచి మా ఇంటావిడ ఏమీ అనలేదు. భోజనం దగ్గర అంతా చెప్పాను. "అబ్బాయికి ఏం చెబుతారు?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. అబ్బాయి తప్పేమీ లేదు. అతనికి ఆ పొలం కాలువ కంటె దూరం.

సాయంత్రం శిష్యుడు వచ్చాడు. కొసన పది ఇళ్ళున్నాయి, వానకు నీళ్ళు అటే పోవాలి, "నిరుపయోగం" అని నేను వ్రాయలేను అన్నాను. దారి కావాలంటే పక్కన గట్టు బలపరచమని, కాలువ పూడిక తీయమని వ్రాసి ఇస్తానన్నాను. అతడు ఓపికగా విన్నాడు. వాదించలేదు. "మీ ఇష్టం మాస్టారూ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. ఇప్పుడు ఫోన్లోనే అర్జీ నమూనాలు దొరుకుతున్నయి" అని, మళ్ళీ కాళ్ళకు నమస్కరించి వెళ్ళాడు. వాకిలి దాటేటప్పుడు, "సంతకం మాటేంది?" అన్నాడు. పెట్టనన్నాను. "ఒక్క సంతకానికి ఏముందిలెండి" అన్నాడు నవ్వుతూ.

అర్జీ వెళ్ళే ఉంటుంది. "నిరుపయోగం" అన్న మాటను తప్పు లేకుండానే వ్రాసి ఉంటాడు. పూర్వం "నిరూపయోగం" అని దీర్ఘం ఇచ్చేవాడు, పదిసార్లు వ్రాయించి సరిదిద్దినది నేనే.

అబ్బాయికి ఫోనులో చెప్పాను. కాసేపు ఊరుకొని, "సరే నాన్నా" అన్నాడు. ఆ సరేకు అర్థమేమిటో ఇంకా తెలియలేదు. తిరునాళ్ళు అయినాక కాలువకు ఒక తడి ఇస్తారని ఊళ్ళో అనుకుంటున్నారు. మడుగుల దగ్గరి కంపలు కొన్ని లాగిస్తే కల్వర్టు దాటి ఎంత దూరం వస్తుందో చూడాలని ఉన్నది. ఆ ముసలామె మనవడిని రమ్మని కబురు పెట్టాను. పార మా ఇంట్లో ఉన్నది, పిడి మార్పించాలి.